రెండు మాత్రల అట్టలు, ఒక ఎడమ కాలు

నా ఎడమ కాలు ఇప్పుడు బాగానే ఉంది. మెట్లెక్కుతాను, దిగుతాను, కొట్లో నాలుగు గంటలు నిలబడి బిందెలూ గిన్నెలూ అమ్ముతాను. సాయంత్రానికి పిక్క కొంచెం బరువెక్కితే కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెట్టుకుంటాను, అంతే. పోయిన శ్రావణంలో మాత్రం ఆ కాలే నన్ను తీసుకుపోబోయింది. తప్పు కాలిది కాదు, మింగిన మాత్రలది. అంతకన్నా ఎక్కువగా, మూసుకున్న నా నోటిది.

ఇది ఎవరినీ తిట్టడానికి రాయడం లేదు. ఫోనులో డాక్టరుతో మాట్లాడి, పార్సిల్లో మాత్రలు తెప్పించుకుని, చీరల మడతల్లో దాచుకునే ఆడవాళ్ళు మా నరసరావుపేటలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. ఉన్నారని మాత్రం తెలుసు. కొంత వాళ్ళ కోసం, కొంత నా గుండె దిటవు కోసం రాస్తున్నాను.

మాఘం

మా పుట్టిల్లు గురజాల. నాన్నది అక్కడ ఎరువుల కొట్టు. పెళ్ళయ్యాక పేట వచ్చాను. ఇక్కడ అత్తవారిది స్టీలు సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. అత్తయ్య, మా ఆయన, నేను, మా అమ్మాయి హారిక, అంతే ఇంట్లో. ఆడపడుచు సునీతను మాచర్లలో ఇచ్చారు.

హారిక పుట్టినప్పుడు రక్తం చాలా పోయింది. నన్ను మళ్ళీ మనిషిని చేయడానికి డాక్టర్లకు మూడు రోజులు పట్టింది. పిల్లకు ఐదేళ్ళు వచ్చినా ఆ కాన్పు గది వాసన గుర్తొస్తే నాకు చేతులు చల్లబడతాయి. రెండోది అసలు వద్దని కాదు. ఇప్పుడు వద్దు. ఆ రెండు ముక్కలు ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అత్తయ్య చెడ్డది కాదు. పండక్కో పబ్బానికో "రెండోది ఎప్పుడే రమా, నా ఓపిక ఉండంగానే కను" అనేది. నేను నవ్వి వంటింట్లోకి వెళ్ళేదాన్ని.

పేటలో ఆసుపత్రులకు కరువేముంది? వీధికి పది. అయినా నేను ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కినా ఆ వార్త నాకన్నా ముందు ఇంటికి చేరుతుంది. లేడీ డాక్టరు గారింట పెళ్ళి సామాను మొత్తం మా కొట్టుదే. ఆమె దగ్గర పనిచేసే నర్సు మా అత్తయ్యతో కలిసి శనివారం భజనకు వెళ్తుంది. మందుల షాపాయన మామయ్యకు పినతండ్రి కొడుకు. నేనొక జ్వరం బిళ్ళ కొంటే సాయంత్రానికల్లా "అమ్మాయికి జ్వరమంట గదా" అని పరామర్శ వచ్చేస్తుంది.

అందుకని కాలేజీ స్నేహితురాలు చెప్పిన ఫోను డాక్టరును పట్టుకున్నాను. ముందు ఒక ఫారం నింపాలి. వయసు, బరువు, బీపీ, తలనొప్పులు, సిగరెట్లు. సిగరెట్ల దగ్గర నవ్వొచ్చింది. అత్తయ్య బీపీ మిషను తెచ్చుకుని గది తలుపేసుకుని చూసుకున్నాను. తర్వాత వీడియో కాల్. తెరమీద ఒక చిన్నవయసు డాక్టరమ్మ. నాకంటే చిన్నదేమో. నేను ఎవరి కోడలినో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దానికే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నిదానంగా అన్నీ అడిగింది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పింది. చివర్లో, "ఇంకే మాత్ర మొదలుపెట్టినా ముందు నాకు మెసేజ్ పెట్టండి. అది చిన్నదైనా సరే" అంది.

"అలాగేనండీ" అన్నాను. నేను అలాగేనండీ అని చాలా తేలిగ్గా అనేస్తాను.

నెలకొకసారి అట్టపెట్టె వచ్చేది. ఏంటని అత్తయ్య అడిగితే మొహానికి రాసుకునే క్రీమని చెప్పాను. మూడో నెల ఆవిడ నా మొహం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, "పెట్టెలు పెట్టెలు వస్తన్నయ్యి, మొహం మాత్రం అట్నే ఉందేందే?" అంది. మా ఆయన లెక్కల పుస్తకం చాటున నవ్వాడు. ఆ పెట్టెలో ఏముందో ఆయనకూ తెలియదు.

మొదటి అట్ట చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది డాక్టరమ్మ కాదు, దీనమ్మ.

దీనమ్మ మా చిన్నప్పటి గవర్నమెంటు నర్సు. మా అమ్మ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. మా ఇంటి వెనక మిరప కళ్ళాలు ఉండేవి. ఎండలు ముదిరే రోజుల్లో నేలంతా ఎర్రగా కాయలు పరిచి ఉండేవి. ఆ ఘాటుకు దీనమ్మ తుమ్ముకుంటూ, తెల్లచీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, భుజాన సంచీతో వెనక గుమ్మంలోంచి వచ్చేది. "ఈ ఊళ్ళో నా ఉద్యోగం తుమ్మటమేనే" అనేది. అమ్మ మజ్జిగ ఇచ్చేది. ఆమె గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి పాత పేపర్లో చుట్టిన మాత్రల అట్ట తీసేది. కానీ వెంటనే చేతికిచ్చేది కాదు.

"ముందు కాళ్ళు చూపియ్యి" అనేది.

అమ్మ సిగ్గుతో మెలికలు తిరుగుతూ చీర పిక్కలదాకా ఎత్తేది. దీనమ్మ రెండు పిక్కలూ రెండు చేతుల్తో పట్టుకుని చూసేది. కంటి రెప్ప కిందికి లాగేది. "తల్నొప్పి వస్తందా? వస్తే ఎట్టా వస్తంది? కళ్ళ ముందు మెరుపులేమన్నా కనపడతన్నయ్యా?" అంటూ అడిగేది. అన్నీ అయ్యాకే అట్ట. అమ్మ దాన్ని ఇంగువ డబ్బా కింద పెట్టేది. తెల్లవి, చివరి వరసలో గోధుమరంగువి. నేను లెక్కపెట్టేదాన్ని. ఏంటమ్మా ఇవి అంటే బలం బిళ్ళలే అనేది. నాకెందుకు పెట్టవని ఏడ్చి ఒకసారి వీపు మీద ఒక్కటి తిన్నాను.

ఆ మజ్జిగ, ఆ తుమ్ములు, ఆ ఎర్రటి కళ్ళం తలుచుకుంటూ మొదటి మాత్ర వేసుకున్నాను. అమ్మ దగ్గర కూర్చున్నట్టే అనిపించింది.

శ్రావణం

సునీత మాచర్లలో ఇల్లు కట్టుకుంది. శ్రావణంలో గృహప్రవేశం. పుట్టింటివాళ్ళు సారె పెట్టాలి. అత్తయ్య పసుపు కుంకాలు పెట్టదు గనక ఆ పళ్ళెం పట్టుకోవాల్సింది నేనే. పాలు పొంగించేటప్పుడు పక్కన నిలబడాల్సిందీ నేనే. అత్తయ్య క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళు మడిచింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ పూజగదిలోకి వెళ్ళం గనక నా తేదీలు నాకన్నా ఆవిడకే బాగా తెలుసు.

"సరిగ్గా ఆ రోజే పడిద్ది గదే నీకు" అంది, గుండెలమీద చెయ్యి వేసుకుని.

సాయంత్రానికి మందుల షాపు బాబాయి దగ్గర్నుంచి ఒక అట్ట తెప్పించింది. నెల వాయిదా వేసే మాత్రలు. మా వైపు పెళ్ళి జరిగినా, వ్రతం జరిగినా, తిరపతి ప్రయాణం కట్టినా ఆడవాళ్ళ సంచుల్లో దువ్వెనా పౌడరూ ఎట్లాగో ఆ అట్టా అట్లాగే.

"మూడు పూటలా వేసుకో. మేమందరం వేసుకున్నయ్యేలే, ఏం కాదు" అంది.

అప్పటికే నేను ఒక మాత్ర మీద ఉన్నానని చెప్పాలి. చెబితే ఆరు నెలల క్రీము సంగతి బయటపడుతుంది. గదిలోకి వెళ్ళి డాక్టరమ్మకు మెసేజ్ రాయడం మొదలుపెట్టాను. "మా అత్తయ్య గారు వేరే మాత్రలు" అన్నదాకా రాశాను. కింద నుంచి "రమా, ఈ పళ్ళేలు తుడువు" అని కేక. చెరిపేశాను. మాత్ర మీద మాత్ర, పది రోజులేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. డిగ్రీ చదివానని చెప్పుకునే నేను అనుకున్న మాట ఇది.

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగాయి. సునీత నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. మర్నాడు పిల్లలంతా ఎత్తిపోతల చూడాలని గొడవ చేస్తే వ్యానులో వెళ్ళాం. సీట్లు చాలక నేను సామాన్ల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఆ తర్వాత పేట దాకానూ. జలపాతం దగ్గర తీసుకున్న ఫోటో ఒకటుంది. హారిక నా చెయ్యి పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను. ఎడమ చెప్పు మాత్రం విప్పి పక్కన పెట్టి ఉంది. అప్పటికే బిగుతుగా ఉందన్నమాట. ఆ ఫోటో నాకు చాలా ఇష్టం. చూసిన ప్రతిసారీ భయం వేస్తుంది కూడా.

ఇంటికొచ్చాక పిక్క పట్టేసినట్టు నొప్పి. వ్యానులో ముడుచుకుని కూర్చుంటే పట్టేయదా మరి అనుకున్నాం. మూడో రోజు పొద్దున అత్తయ్య గిన్నెలో నువ్వుల నూనె వేడి చేసింది.

"బోర్లా పడుకో. గట్టిగా రుద్దితే సాయంత్రానికి తగ్గిద్ది" అంది.

అప్పుడే ఫోనులో నెలవారీ మెసేజ్ వచ్చింది. కొత్త పార్సిల్ పంపమంటారా, కొత్తగా ఏమైనా ఇబ్బందులున్నాయా అని. ప్రతి నెలా లేవు అని నొక్కేదాన్ని. ఆ రోజు ఎందుకో, నూనె కాగేలోపు కాలక్షేపానికన్నట్టు, "ఎడమ పిక్క నొప్పి, వాపు" అని రాశాను. రెండు నిమిషాల్లో వీడియో కాల్ వచ్చింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

డాక్టరమ్మ పలకరింపులేమీ పెట్టుకోలేదు. "రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి నాకు చూపించండి" అంది.

ఒక్క క్షణం నాకు మిరప ఘాటు ముక్కుకు తగిలినట్టయింది. ఫోను కుర్చీకి ఆనించి, మంచం మీద కాళ్ళు చాపాను. నేను కూడా అప్పుడే సరిగ్గా చూశాను. ఎడమది కుడిదానికి అక్కలా ఉంది. రంగు కూడా మారింది.

"వేరే మాత్రలేమైనా వేసుకున్నారా?"

చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేనిచ్చిన మాత్రల్నే మధ్యలో ఆపకుండా వేసుకుంటూ పోతే నెల వాయిదా పడేదండీ. అడిగితే చెప్పేదాన్ని" అంది మెల్లగా. తర్వాత గొంతు మారింది. "ఇప్పుడు అది వదిలేయండి. కాల్లో రక్తం గడ్డ కట్టిందేమోనని నా అనుమానం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. రెండు రకాల మాత్రలూ ఆపేయండి. కాలు ఎవరూ రుద్దకూడదు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి. రెండు అట్టలూ చేత్తో పట్టుకెళ్ళండి. అక్కడ ఏమీ దాచొద్దు. మీరు బయల్దేరేదాకా నేను లైన్లోనే ఉంటాను."

తలుపు తీస్తే ఎదురుగా అత్తయ్య, చేతిలో ఆవిర్లు వస్తున్న నూనె గిన్నె.

"రుద్దొద్దు అత్తయ్యా" అన్నాను. కాల్లో గడ్డ కట్టిందేమో, ఆసుపత్రికి పోవాలన్నాను, మాత్రల మాట మాత్రం ఎత్తలేదు.

ఆసుపత్రి హాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. మా ఆయన చీటీ రాయించడానికి వెళ్ళాడు. మంచినీళ్ళ స్టీలు డ్రమ్ము మీద మా కొట్టు పేరే చెక్కి ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. పర్సులో రెండు అట్టలు. చచ్చిపోతానేమోనన్న భయం ఒకటి, ఆ అట్టలు బయటికి తీయాల్సి వస్తుందన్న భయం ఒకటి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ కాసేపు రెండో భయమే పెద్దదిగా ఉంది. పక్కన పెదకూరపాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా కాలు చూసి, తన బట్టల సంచి బెంచీ మీద పెట్టి, "దీనిమీద పెట్టుకో తల్లా, ఎత్తున ఉంటే లాగదు" అంది. ఆమెను తర్వాత మళ్ళీ చూడలేదు. ఆ సంచి మెత్తదనం ఇప్పటికీ గుర్తుంది.

లోపల డాక్టరు గారు కాలు చూశారు. ఊపిరి ఎలా ఉందని అడిగారు. "ఏమైనా మాత్రలు వాడుతున్నారా అమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "ఏం లేవండీ. మా కోడలు తల్నొప్పికి కూడా బిళ్ళ వేసుకోదు" అంది, ఎంతో గర్వంగా.

డాక్టరు గారు రాసుకోవడానికి పెన్ను వంచారు. ఆయన 'ఏమీ లేవు' అని రాస్తే నా కథ అక్కడికి సరి. అప్పుడు నాకు దీనమ్మ గుర్తొచ్చింది. అట్ట చేతికివ్వకుండా వెనక్కి పట్టుకుని, అమ్మ నిజం చెప్పేదాకా మొహంలోకి చూస్తూ కూర్చునే దీనమ్మ. పర్సు తెరిచి రెండు అట్టలూ బల్లమీద పెట్టాను.

"ఇది ఆరు నెలల నుంచి వాడుతున్నానండీ, పిల్లలు పుట్టకుండా. ఇది పది రోజులు వేసుకున్నాను."

మా ఆయన మొదటి అట్ట వైపు చూస్తున్నాడు. అత్తయ్య రెండో అట్ట వైపు చూస్తోంది. డాక్టరు గారు రెండూ చేతిలోకి తీసుకుని, "మంచి పని చేశారమ్మా, చెప్పారు" అని, వెంటనే స్కానింగుకు పంపారు. గడ్డ ఉంది. తొడ దాకా పాకింది. ఇంకా పైకి పోలేదు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

భాద్రపదం

ఇంటికొచ్చాక రక్తం పలచబడే మందులు. పళ్ళు తోమేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం, ఎక్కడ తగిలినా నీలం మచ్చ. హారిక ఆ మచ్చల్ని రోజూ లెక్కపెట్టి కొత్తవాటికి పేర్లు పెట్టేది.

మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు మంచం పక్కన కూర్చుని, "నాకన్నా చెప్పగూడదా?" అన్నాడు.

"చెబితే మీరు మీ అమ్మకు చెప్పకుండా ఉండగలరా?"

"ఉండలేను" అన్నాడు. ఆ నిజాయితీకే ఆయన మీద కోపం పోయింది.

గురజాల నుంచి అమ్మ వచ్చింది. దీనమ్మ ఎలా ఉందని అడిగాను. పోయి మూడేళ్ళయిందట. నాకెవరూ చెప్పలేదు. కళ్ళనీళ్ళు ఆగలేదు. అమ్మ నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "ఒకసారి నాకు తల పగిలిపోయేట్టు నొప్పొస్తే బిళ్ళలు మానిపించింది. వద్దక్కా, కడుపొచ్చిద్దే అని బతిమలాడినా. వస్తే కంటావు, చస్తే ఏం జేస్తావంది. ఆ మరుసటేడే మీ తమ్ముడు పుట్టాడు."

అంటే మా తమ్ముడు దీనమ్మ ప్రసాదమన్నమాట. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. ఆ రోజుల్లో ఆ ఎర్రటి కళ్ళాల మధ్య మమ్మల్ని ఎవరో కనిపెట్టుకుని ఉండేవారు. దీనమ్మ చేతులు మాకు కాపలా అని మాకు తెలియనే తెలియదు.

ఫోను డాక్టరు వల్లే ఇదంతా అయిందని చుట్టాలు అన్నారు. నేను ఒప్పుకోను. ఆమె అడగాల్సినవన్నీ అడిగింది. ముందు చెప్పమంది. దీనమ్మ అయితే ఇంటికొచ్చి కాలు పట్టుకుని చూసేది, దాక్కోవడానికి చోటుండేది కాదు. ఫోనులో దాక్కోవడం తేలిక, చెరిపేయడం ఇంకా తేలిక. మీరు అలా తెప్పించుకుంటూ ఉంటే తెప్పించుకోండి, తప్పేమీ లేదు. కానీ ఆ డాక్టరు దగ్గర మాత్రం అబద్ధమాడకండి. అత్తగారి దగ్గర ఆడే అబద్ధాలు వేరు.

అత్తయ్య పదకొండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వేళకు అన్నం, వేళకు మందు, అంతే. నా మోసం మీద కోపమనుకున్నాను. పన్నెండో రోజు పొద్దున వచ్చి మంచం చివర కూర్చుని, దుప్పటి తీసి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది. వేలు కూడా ఆనించలేదు.

"నా చేత్తోనే ఇచ్చా గదే ఆ బిళ్ళలు" అంది. "ఆ నూనె కూడా రుద్దేదాన్నే. నా కూతురు ఇంటికి పాలు పొంగాలని నీ ప్రాణం మీదికి తెచ్చా."

ఆవిడ ఏడవడం మామయ్య పోయినప్పటి తర్వాత నేను చూడలేదు. నేనూ ఏడ్చాను. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "రెండోది వద్దా నీకు?" అంది.

"ఇప్పుడు వద్దత్తయ్యా. భయం."

"ఆ మాట నాతో అంటే, నేనేమన్నా పులినా?"

"పులి కాదత్తయ్యా. మీరు భజనలో చెప్పేస్తారు."

అత్తయ్య ఒక్క క్షణం నా వంక గుడ్లురిమి చూసి, తర్వాత మంచం ఊగేట్టు నవ్వింది. "చెప్తాలే నిజమే" అంది.

మాఘం, మళ్ళీ

మందులు ఆపేశారు. ఆ రకం గర్భనిరోధక మాత్రలు ఇక జన్మలో వద్దన్నారు. ఈసారి కాపర్-టీ వేయించుకున్నాను. ఎక్కడో కాదు, మా వీధి చివర ఆసుపత్రిలోనే, మా కొట్లో పెళ్ళి సామాను కొన్న ఆ లేడీ డాక్టరు గారి దగ్గరే. బయట బెంచీ మీద అత్తయ్య కూర్చుంది. భజన నర్సు "ఏందత్తా ఇట్టొచ్చావు?" అంటే, "మా కోడలికి ఒంట్లో పనుండి" అంది, అంతే. అంతకు మించి ఒక్క ముక్క బయట పెట్టలేదు. ఫోను డాక్టరమ్మకు కాళ్ళ ఫోటో పంపాను, రెండూ పక్కపక్కన. బాగున్నాయి అని జవాబిచ్చింది.

ఈ శ్రావణం

మొన్న బుధవారం అత్తయ్య వ్రతానికి శనగలు ఏరుతోంది. మాచర్ల నుంచి సునీత ఫోను. నేను స్పీకరు పెట్టి పక్కన పెట్టాను.

"అమ్మా, శుక్రవారానికి నాకు అడ్డమొచ్చేట్టుంది. వ్రతానికి అందర్నీ పిలిచా. బిళ్ళలు తెప్పించుకోనా?"

శనగలు ఏరే చెయ్యి ఆగింది. అత్తయ్య నా వైపు చూడలేదు. ఎత్తి పెట్టుకున్న నా ఎడమ కాలి వైపు చూసింది.

"డాక్టరమ్మను అడక్కుండా ఒక్క బిళ్ళ మింగావంటే నీ ఇంటి గడప తొక్కను" అంది ఫోనుకు. "వచ్చే శుక్రవారం చేసుకో. అమ్మవారు ఏడికీ పోదు. శ్రావణంలో శుక్రవారాలు నాలుగున్నయ్యి. కాళ్ళు మాత్రం నీకు రెండేనే."